చౌడు పొలంలో వరి నిలబెట్టడం ఎలా: మట్టి పరీక్ష నుంచి పాలు పోసుకునే దశ దాకా

నాట్లు వేసిన పది రోజులకు కుదుళ్లు మాడిపోతుంటే చాలామంది చేసే మొదటి పని ఇంకో బస్తా యూరియా చల్లడం. కారు చౌడులో (సోడియం పట్టిన క్షార నేలలో) ఆ యూరియాలో చాలా భాగం మొక్కకు చేరదు. పీహెచ్ 9 దగ్గరున్న నీటిలో నత్రజని అమోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. పాల చౌడులో (ఉప్పు పేరుకున్న నేలలో) అయితే మొక్కకు ఆ సమయానికి కావలసింది నత్రజని కాదు, మంచినీరు. కాబట్టి మందు సంగతి తర్వాత. ముందు మీ పొలానిది ఏ చౌడో తేలాలి.

వరి ఉప్పును ఎలా తట్టుకుంటుందో తెలిస్తే కింద చెప్పే పనులు ఎందుకో అర్థమవుతాయి. కోరింగ మడ అడవిలో తెల్ల మడ ఆకును ఎండలో చూడండి, పైన ఉప్పు పొడి మెరుస్తుంటుంది. ఆకులోని గ్రంథుల ద్వారా ఆ చెట్టు ఉప్పును బయటికి తోసేస్తుంది. వరికి అలాంటి గ్రంథులు లేవు. సోడియాన్ని వేరు దగ్గరే ఆపాలి. ఆపలేక లోపలికి వచ్చినదాన్ని పైకెక్కే రసంలోంచి మళ్లీ వెనక్కి లాగాలి. కేరళ పొక్కాలి వరి చౌడును తట్టుకోవడంలో, సోడియాన్ని రసంలోంచి లాగే ఒక ప్రొటీన్‌కు పెద్ద పాత్ర ఉంది. అది పనిచేస్తే ఆకులో పొటాషియం నిలుస్తుంది, సోడియం తగ్గుతుంది. వీటన్నిటినీ దాటుకుని పైకి వెళ్లిన ఉప్పును మొక్క ముదురాకుల్లో పడేసి లేతాకులను కాపాడుకుంటుంది. అందుకే చౌడు దెబ్బ ఎప్పుడూ కింది ఆకుల కొనల నుంచి మొదలవుతుంది. ముందుగా లేతాకు మాడుతుంటే కారణం వేరే ఎక్కడో వెతకండి.

ఈ కాపలాకు మొక్క శక్తి ఖర్చు పెట్టాలి. మొలకెత్తేటప్పుడు, పిలకలు వేసేటప్పుడు వరి బాగానే ఓర్చుకుంటుంది. కానీ రెండు వయసుల్లో చేతులెత్తేస్తుంది: రెండు మూడు ఆకుల నారుగా ఉన్నప్పుడు, చిరుపొట్ట (కాండం లోపల కంకి రూపుదిద్దుకునే దశ) నుంచి పూత దాకా. మనం పెట్టే శ్రమంతా ఈ రెండు కాలాల్లో వేరు చుట్టూ ఉప్పు తగ్గించడానికే.

1. మట్టి తీయడం

వేసవిలో, వానలకు ముందు తీయండి. ఒక్క వాన పడినా పై ఉప్పు కిందికి దిగి, రిపోర్టు మిమ్మల్ని మోసం చేస్తుంది. తెల్లగా పొక్కిన మచ్చలను, పంట బాగా వచ్చే చోటును విడివిడిగా తీయాలి. రెండూ కలిపి ఒకే సంచిలో పోస్తే వచ్చే సగటు ఏ చోటుకూ సరిపోదు. ఒక్కో చోట 0–15, 15–30, 30–60 సెం.మీ. లోతుల్లో మూడు నమూనాలు. మామూలు భూసార పరీక్షకు పై చెత్త తీసేసినట్టు ఇక్కడ తెల్లపొరను గీకి పారేయకండి, కావాలంటే దాన్నే వేరే సంచిలో వేయండి.

ఇంట్లో చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. గాజు సీసాలో గుప్పెడు ఎండు మట్టి వేసి, వాననీరు గానీ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి బాగా గిలకొట్టి పెట్టండి. బోరు నీళ్లు పనికిరావు, అందులోని ఉప్పే ఫలితాన్ని మార్చేస్తుంది. నీళ్లు కాసేపటికే తేరుకుంటే పాల చౌడు కావచ్చు, ఉప్పు బంక రేణువులను గుంపులు కట్టించి కిందికి దించుతుంది. మర్నాటికి కూడా మట్టినీళ్లలా ఉంటే కారు చౌడు అనుమానించండి. అక్కడ సోడియం బంక రేణువులను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి తేలేలా చేస్తుంది. పొలంలో నీరు ఇంకక నల్లగా నిలిచిపోవడానికి, ఎండాక దుక్కి రాయిలా గట్టిపడడానికి కారణం కూడా అదే.

2. రిపోర్టు చదవడం

చూడాల్సినవి మూడు: ఈసీ (కరిగి ఉన్న ఉప్పు ఎంతో చెప్పే విద్యుత్ వాహకత), పీహెచ్, మార్పిడి సోడియం శాతం (బంక రేణువులకు అంటుకుని ఉన్నవాటిలో సోడియం వాటా). సంతృప్త మట్టి సారంలో (ముద్దయ్యేదాకా తడిపిన మట్టి నుంచి లాగిన నీటిలో) కొలిచిన ఈసీ మీటరుకు 4 డెసీసైమన్లు దాటి, పీహెచ్ 8.5 లోపు, సోడియం శాతం 15 లోపు ఉంటే పాల చౌడు. ఈసీ 4 లోపే ఉండి, పీహెచ్ 8.5 పైన, సోడియం 15 పైన ఉంటే కారు చౌడు. ఈసీ, సోడియం రెండూ ఎక్కువైతే రెండూ కలిసిన చౌడు. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది దానితోనే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మామూలు భూసార పరీక్ష కేంద్రాల్లో ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీరు కలిపి ఈసీ కొలుస్తారు. అలా నీరు ఎక్కువ కలిపినందుకు అంకె తక్కువగా వస్తుంది. బరువు నేలల్లో అసలు ఈసీ దానికి సుమారు మూడు రెట్లు ఉండొచ్చు, ఇసుక నేలల్లో ఇంకా ఎక్కువ. రిపోర్టులో 1.5 అని చూసి నిశ్చింతగా నాట్లు వేసిన పొలంలో వేరు దగ్గర 4 దాటి ఉండొచ్చు. ఏ పద్ధతిలో కొలిచారో అడిగి రిపోర్టు మీదే రాయించుకోండి.

అసలు ఈసీ 3 వరకు వరి దిగుబడి తగ్గదు. ఆ పైన ఒక్కో యూనిట్‌కు సుమారు 12 శాతం పడిపోతుంది, అంటే 6 దగ్గర మూడో వంతుకు పైగా పోయినట్టే. అదే ఈసీ 6లో పత్తికి ఏమీ కాదు, దాని హద్దు 7.7. వేరుశనగ సంగతి విచిత్రం. 3.2 దాకా చలించదు, దాటిందంటే ఒక్కో యూనిట్‌కు 29 శాతం కూలిపోతుంది. మిరప 1.5 దగ్గరే తగ్గడం మొదలెడుతుంది, బీన్స్ 1 దగ్గరే. నీటి ఆధారం సరిగా లేని శివారు పొలంలో ఈసీ 8 ఉంటే ఆ ఏడు వరి మానుకోవడమే నయం.

3. చదును, గట్లు, మురుగు

ఉప్పు పోవడానికి దారి లేకపోతే కింద చెప్పేవన్నీ వృథా. పొలం చుట్టూ గట్లు మోకాలెత్తు వేయండి. మడిలో ఎత్తుపల్లాలు అయిదు సెంటీమీటర్లున్నా మెరక మీద నీరు నిలవదు, అక్కడే తెల్లమచ్చ మళ్లీ లేస్తుంది. తవ్వే మురుగు కాలువ పంట కాలువ కన్నా లోతుగా, కనీసం మీటరు ఉండాలి. ఊరి మురుగు కాలువ పూడిపోయి ఉంటే ముందు అది పూడిక తీయించాలి, లేకపోతే మీ పొలం కడిగిన నీరు మళ్లీ మీ పొలంలోకే ఊరుతుంది. ఇది ఒక్క రైతు చేతిలో పని కాదని తెలుసు, అయినా దీన్ని తప్పించుకునే మార్గం లేదు. కోనంకి, ఉప్పుగుండూరు ప్రాంతాల్లో భూగర్భంలో చిల్లుల పైపులు వేసి నేల నీటిని దింపే పద్ధతిని బాపట్ల లవణ నేలల పరిశోధన కేంద్రం వాళ్లు ప్రయత్నించి చూశారు. ఉప్పుగుండూరు పేరులోనే ఆ నేల చరిత్ర కనిపిస్తుంది.

4. పాల చౌడైతే: కడగడం

ఒక అడుగు లోతు నేలలో ఉప్పులో 70–80 శాతం దించడానికి సుమారు అడుగు నీరు కావాలి. ఎకరాకు అడుగు అంటే 12 లక్షల లీటర్లకు పైమాటే. ఒకేసారి నిలిపే కన్నా 10 సెం.మీ. చొప్పున మూడు దఫాలుగా, మధ్యలో మూడు నాలుగు రోజులు ఇంకనిస్తూ పెడితే అదే నీరు ఎక్కువ ఉప్పును దించుతుంది. తక్కువ ఈసీ ఉన్న కాలువ నీరైనా, వాననీరైనా సరే. ఎప్పుడు ఆపాలో మురుగు నీరే చెబుతుంది. పొలంలోకి పెడుతున్న నీటి ఈసీ, మురుగులోకి వచ్చే నీటి ఈసీ చిన్న మీటరుతో కొలవండి. మురుగు నీటి అంకె ఇంకా ఎక్కువగా ఉందంటే ఉప్పు పోతూనే ఉంది. రెండూ దగ్గరపడ్డాయంటే చాలు.

కడిగేశాక ప్రతి తడికీ కొంచెం అదనపు నీరు ఇవ్వాలి, లేకపోతే నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. నీటి ఈసీ 1.5 ఉండి నేలను 3 దగ్గర నిలపాలనుకుంటే అదనం సుమారు 11 శాతం.

రెండూ కలిసిన చౌడును మాత్రం ఒట్టి మంచినీటితో కడగవద్దు. పై ఉప్పు పోగానే సోడియం మాత్రమే మిగిలి బంక రేణువులు విడిపోవడం మొదలవుతుంది. రంధ్రాలు మూసుకుని నీరు ఇంకడమే ఆగిపోతుంది. ముందు జిప్సం, ఆ తర్వాతే నీరు.

5. కారు చౌడైతే: జిప్సం

జిప్సంలోని కాల్షియం బంక రేణువు మీద కూర్చున్న సోడియాన్ని తప్పించి ఆ చోట తాను కూర్చుంటుంది. తప్పుకున్న సోడియం సల్ఫేట్‌గా నీటితో కిందికి, మురుగులోకి పోతుంది. ఇందులో ఏ ఒక్కటి లోపించినా పని కాదు. జిప్సం వేసి నీరు పెట్టకపోయినా, నీరు పెట్టి మురుగు తెరవకపోయినా డబ్బు నేలపాలే.

మోతాదు లెక్క ఇలా వేయండి. ప్రయోగశాల జిప్సం అవసరాన్ని 100 గ్రాముల మట్టికి ఇన్ని మిల్లీ ఈక్వివలెంట్లు అని ఇస్తుంది. 15 సెం.మీ. లోతుకు, ఎకరాకు, ఒక్కో యూనిట్‌కు స్వచ్ఛమైన జిప్సం సుమారు 780 కిలోలు. రిపోర్టులో 4 ఉంటే 3,120 కిలోలు. వరి వేరు పైపొరలోనే ఉంటుంది కాబట్టి మొదటి ఏడు సగం చాలు, 1,560 కిలోలు. దొరికే జిప్సం స్వచ్ఛత 75 శాతమైతే 1,560ని 0.75తో భాగించండి, 2,080 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 42. బస్తాల లెక్క మాత్రమే చూసి స్వచ్ఛత అడగకపోతే నాలుగో వంతు మందు తక్కువ పడుతుంది.

నీటి లెక్క చాలామంది వేయరు. లీటరు నీటిలో జిప్సం రెండున్నర గ్రాములే కరుగుతుంది. 1,560 కిలోలు కరగాలంటే లెక్క ప్రకారమే ఎకరంలో 15 సెం.మీ. నీరు కావాలి. పొలంలో ఒక్కసారికి అది పూర్తి కాదు, రెండు మూడు సార్లు 10 సెం.మీ. చొప్పున నిలపాలి. వేసవి వానొకటి పడితే చాలులే అనుకోవద్దు.

చల్లే పద్ధతి: 2 మి.మీ. జల్లెడ దాటేంత పొడి ఉండాలి, గడ్డలు ఏళ్ల తరబడి కరగవు. చదును చేసిన మడిలో సమంగా చల్లి పైన 10 సెం.మీ.లోనే కలియదున్నండి. లోతు దుక్కి చేస్తే మందు పలచబడుతుంది. తర్వాత నీరు నిలిపి పది పదిహేను రోజులు ఉంచి, మురుగులోకి వదిలేయండి.

బోరు నీటిలో కార్బొనేట్లు ఎక్కువైతే ఏటా మళ్లీ సోడియం చేరుతుంది. నీటి పరీక్షలో అవశేష సోడియం కార్బొనేట్ (కాల్షియం, మెగ్నీషియం పోను మిగిలే కార్బొనేట్లు) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఆ నీటికి కూడా జిప్సం కావాలి. దించాల్సిన ఒక్కో మిల్లీ ఈక్వివలెంట్‌కు వెయ్యి లీటర్లకు 86 గ్రాములు, ఎకరంలో 10 సెం.మీ. తడికి 35 కిలోలు. జిప్సం బస్తాలను నీళ్లు పడే తొట్టిలో వేసి నీటిని వాటి మీదుగా పారనివ్వడం తేలిక మార్గం.

ఎరువుల ఫ్యాక్టరీల ఉప ఉత్పత్తి ఫాస్ఫో జిప్సం చవగ్గా దొరుకుతుంది, బాగా పనిచేస్తుంది కూడా. కొనేముందు దాని విశ్లేషణ పత్రం అడగండి. ముడి రాయిని బట్టి కాడ్మియం, ఫ్లోరిన్ ఉండే అవకాశం ఉంది.

6. జీలుగ

జిప్సం నీరు వదిలేశాక ఎకరాకు 10–12 కిలోల జీలుగ గింజలు చల్లండి. చౌడుకు జీలుగే మేలు, జనుము అంతగా ఓర్చుకోదు. సగం మొక్కలు పూత పట్టే సమయానికి, సుమారు 45 రోజులకు, దమ్ములో కలియదున్నాలి. ఆలస్యమైతే కాడలు ముదిరి కుళ్లడానికి చాలా రోజులు తీసుకుంటాయి. కుళ్లేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ నేలలోని సున్నాన్ని కొంచెం కరిగించి కాల్షియం విడుదల చేస్తుంది. జిప్సం చేసే పనికి ఇది తోడు.

7. నారుమడి, నాట్లు

రకాల ఎంపిక పెద్ద ఊరట. కర్నాల్ లవణ నేలల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన సీఎస్ఆర్ 36, సీఎస్ఆర్ 43 వంటివి, తీరప్రాంతానికి మచిలీపట్నం పరిశోధన స్థానం ఎంసీఎం వరుస రకాలు ఉన్నాయి. మీ మండలంలో ఏది దొరుకుతుందో వ్యవసాయ అధికారినే అడగండి. ఒక మాట గుర్తుపెట్టుకోండి: చౌడు తట్టుకునే రకం అంటే చౌడు లేకుండా చేసే రకం కాదు, హద్దును కొంచెం పైకి జరుపుతుందంతే.

నారుమడి మాత్రం చౌడు పొలంలో పోయవద్దు. మంచి నేలలో, మంచినీటి మీద నారు పెంచి 30–35 రోజుల వయసుకు తీయండి. మామూలుగా 21–25 రోజుల నారే మంచిదంటారు, చౌడులో ఆ సూత్రం తిరగబడుతుంది. లేత నారుకు వేళ్ల కాపలా ఇంకా కుదరదు. కుదురుకు 4–5 మొక్కలు, 15 × 15 సెం.మీ. దూరం, అంటే చదరపు మీటరుకు 44 కుదుళ్లు. పిలకలు తక్కువగా వస్తాయి కాబట్టి కుదుళ్లు ఎక్కువ పెట్టడమే మార్గం.

ఎండ, వేడి గాలి ఉన్న మధ్యాహ్నం నాటవద్దు. ఆకు ఆవిరి వదిలే కొద్దీ వేరు మరింత ఉప్పు నీటిని లాగుతుంది. మబ్బు పట్టినప్పుడు గానీ సాయంత్రం గానీ నాటండి. నాటిన వారంలో చనిపోయిన కుదుళ్ల చోట మళ్లీ నాటడానికి నారు కొంచెం మిగిల్చి ఉంచుకోండి.

8. ఎరువులు

కారు చౌడులో జింకు లోపం దాదాపు తప్పదు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో లేతాకు అడుగు భాగంలో ఈనె తెల్లబడి, ముదురాకుల మీద ఇటుక రంగు మచ్చలు వస్తే అది జింకు లోపం, ఉప్పు దెబ్బ కాదు. రెంటినీ కలగాపులగం చేసుకుని నీరు మార్చుకుంటూ కూర్చుంటే పంట పోతుంది. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ ఆఖరి దమ్ములో వేయండి, భాస్వరం ఎరువులతో కలపకూడదు. పైరు మీద కనిపిస్తే లీటరుకు 2 గ్రాముల చొప్పున వారం వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి.

నత్రజని పాల చౌడులో మామూలుకు 25 శాతం ఎక్కువ, మూడు నాలుగు దఫాలుగా. కారు చౌడులో వీలైతే అమ్మోనియం సల్ఫేట్ వాడండి. యూరియానే దొరికితే నిలిచిన నీటి మీద చల్లవద్దు. నీరు తీసేసి బురదలో కలిసేలా వేసి, మర్నాడు నీరు పెట్టండి. పొటాష్ మానకండి, సోడియంతో పోటీ పడేది అదే.

9. చిరుపొట్ట నుంచి పూత దాకా

పైరు పచ్చగానే ఉండి కంకి మాత్రం తాలుగా వస్తుందంటే దెబ్బ ఇక్కడ తగిలింది. ఈ దశలో ఉప్పు పుప్పొడి దగ్గరకే చేరుతుంది. సార్వాలో (ఖరీఫ్) వానలు కాపాడతాయి. దాళ్వాలో (రబీ) మాత్రం మార్చి, ఏప్రిల్ నెలల్లో శివారు పొలాలకు కాలువ నీరు పలచగా వస్తుంది, సరిగ్గా అప్పుడే పైరు పొట్ట మీద ఉంటుంది. నాట్లు ముందుగా వేసి ఆ గడువు దాటించడం అన్నిటికన్నా తేలికైన మందు.

మడిలో నిలిచిన నీటి ఈసీ వారానికి రెండు సార్లు కొలవండి. 2 దాటితే నీరు తీసేసి కొత్త నీరు పెట్టండి. నీరు ఆరనిచ్చి మళ్లీ పెట్టే పద్ధతి నీటి ఆదాకు మంచిదే కానీ, చౌడు మడి ఆరిన ప్రతిసారీ ఉప్పు పైకి వస్తుంది. పొట్ట దశలో 5 సెం.మీ. నీరు తగ్గకుండా చూడండి. నీటి కరువు ఖాయంగా ఉన్న ఏడు పొలంలో సగమే నాటి, ఆ సగానికి నీరు నిండుగా ఇవ్వడం లాభం.

కోశాక పొలం బోసిగా వదిలేయకండి. భూగర్భ నీరు ఒకటిన్నర, రెండు మీటర్ల లోతులో ఉంటే వేసవి ఎండకు అది పైకి లాగబడి, నీరు ఆవిరై ఉప్పు పైపొరలో మిగులుతుంది. కోసిన వెంటనే పైపైన ఒక దుక్కి, గడ్డి కప్పు, లేదా నేలను కప్పే పైరు ఏదైనా ఉండాలి.

10. నీటిలో లోహాలు కూడా ఉంటే

పటాన్‌చెరు దిగువన నక్కవాగు వంటి చోట్ల, లేదా నగరం దిగువ మూసీ నీటి మీద సాగు చేసేవాళ్లకు ఉప్పుతో పాటు కాడ్మియం, సీసం, క్రోమియం సమస్య కూడా ఉంటుంది. ఉప్పును కడిగినట్టు లోహాన్ని కడగలేం, అది బంకకు, సేంద్రియానికి అంటుకుని పైపొరలోనే ఉంటుంది. మొక్క కూడా వీటికి వేరే పద్ధతి వాడుతుంది. వేరు కణాల్లో గంధకం ఉన్న చిన్న అణువులతో లోహాన్ని బంధించి, కణం లోపలి సంచిలో దాచేస్తుంది. అలా దాచగలిగినంత వరకే పైరు పచ్చగా ఉంటుంది. అందుకే పచ్చని పైరును చూసి ధైర్యపడకండి, ఉప్పు ఆకు మీద కనిపిస్తుంది, కాడ్మియం కనిపించదు.

ఉప్పు, కాడ్మియం కలిస్తే ఇంకా చెడ్డ. క్లోరైడు కాడ్మియంతో జతకట్టి మట్టి నుంచి విడిపించి వేరుకు అందిస్తుంది. కాబట్టి అలాంటి పొలంలో ఉప్పు తగ్గించడమంటే లోహాన్ని కూడా కట్టడి చేయడమే. చేయాల్సినవి:

పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరలు పెంచకండి. ఆకుల్లో కాడ్మియం ఎక్కువ చేరుతుంది, కడిగితే పై దుమ్ము పోతుంది గానీ లోపలిది పోదు. సొర, బెండ లాంటి కాయల్లో తక్కువ. తినని పంటలు, పత్తి, పూలు, ఇంకా నయం. నేల పీహెచ్ 6.5 కన్నా తక్కువుంటే సున్నం వేసి పెంచండి. చౌడులో ఆ అవసరం రాదు. జింకు లోపం ఉంటే తప్పక తీర్చండి, వరి వేరులో కాడ్మియం దూరే దారులు మాంగనీసు, జింకు లాంటివి వెళ్లే దారులే.

వరికి నీటి యాజమాన్యమే ముఖ్యం. నీరు నిలిచి ఉంటే కాడ్మియం సల్ఫైడ్‌గా కరగకుండా ఉంటుంది. పూతకు ముందు గానీ తర్వాత గానీ మడి ఆరబెడితే అది విడిపోయి గింజలోకి వెళుతుంది. కంకి వచ్చాక మూడు వారాల వరకు మడి ఆరనివ్వకండి. ఇది పైన చౌడుకు చెప్పిన పద్ధతితో కలుస్తుంది. కానీ నీటిలో ఆర్సెనిక్ ఉంటే లెక్క తారుమారు, నిలిచిన నీటిలో ఆర్సెనిక్ కరిగి గింజలో పెరుగుతుంది. కాబట్టి నీరు నిలపాలో వద్దో నిర్ణయించే ముందు మట్టికి, నీటికి కాడ్మియం, ఆర్సెనిక్ రెండూ పరీక్ష చేయించండి. కోశాక ఒక కిలో బియ్యం కూడా ప్రయోగశాలకు పంపండి. పాలిష్ చేసిన బియ్యంలో కాడ్మియానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కిలోకు 0.4 మిల్లీగ్రాములు, ఆకుకూరలకు 0.2.